రాయబారము: అల్జీరియా విదేశాంగ మంత్రుల కథ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



నేను పండితుడను కాను. గ్రామ లెక్కలు వ్రాయుట నా వృత్తి. భారత రామాయణములు నాకు గురుముఖమున అబ్బినవి కావు. నిఘంటువును ప్రక్కన నుంచుకొని, రాత్రులందు దీపము క్రింద, తప్పులు చదువుచు, చదివిన తప్పులు దిద్దుకొనుచు నేర్చుకొన్నవి. ఆ నిఘంటువును, ఆ భారత సంపుటములును ఈ గ్రంథాలయపు బీరువాలోనివే. కావున ఈ ఇరువదియైదేండ్ల పండుగనాడు నేను తీర్పవలసిన బాకీ ఒకటి కలదు. ఈ ఉపన్యాసమును ఆ బాకీలో ఒక చిన్న జమగా స్వీకరింపుడని ప్రార్థన.

కార్యదర్శిగారు నన్ను భారతమందలి రాయబారములనుగూర్చి మాటాడుమనిరి. ఆ కథ తెలియనివారు మన గ్రామములో లేరు. తిరుపతి వేంకట కవుల నాటకమును తెల్లవారుదాక చూచి, కృష్ణ పాత్రధారి పద్యమెత్తుకొనగనే వన్స్‌మోర్ కొట్టినవారు ఈ సభలోనే పలువురున్నారు. తెలిసిన కథను మరల చెప్పుటకంటె, రాయబారమునే తమ పేరుప్రతిష్ఠలకు ఆధారముగా చేసికొన్న ఒక దూరదేశపు మంత్రులనుగూర్చి చెప్పుదునని నేను కోరితిని. వారు సమ్మతించిరి. ఆ దేశము ఆఫ్రికాఖండపు ఉత్తరపుటంచున, మధ్యధరాసముద్రపు ఒడ్డుననున్న అల్జీరియా.

ఆ దేశమునే ఎన్నుకొనుటకు ఒక కారణము కలదు. 1981లో నాకు పండ్రెండేండ్లు. అప్పుడు మన ఊరిలో గ్రంథాలయము లేదు. మధ్యాహ్నపు బస్సులో వచ్చు ఒక్క దినపత్రికను మా తండ్రిగారు అరుగుమీద కూర్చుండి బిగ్గరగా చదువుచుండ పదిమంది చేరి వినెడివారు. ఇరానులో బందీలైన 52 మంది అమెరికనులు అల్జీరియావారి మధ్యవర్తిత్వముచే విడుదలయిరన్న వార్తను ఆ అరుగుమీదనే వింటిని. మరుసటియేట మరియొక వార్త వచ్చెను. ఆ సంధిని కుదిర్చిన మంత్రియే ఇంకొక సంధికై పోవుచుండగా ఆయన విమానము కూలిపోయెననియు, శత్రువిమానములే కూల్చినవని ఇరాను చెప్పుచున్నదనియు దాని సారాంశము. "దూతను చంపకూడదని విభీషణుడు చెప్పాడు గదా నాన్నా?" అని నేనడిగితిని. మా తండ్రిగారు పత్రిక మడిచి, "చెప్పాడు. విన్నవాళ్లెందరు?" అనిరి. ఆ మాట నన్ను నేటివరకు విడువలేదు. ఆనాటి ఆ మంత్రి ఎవరు, ఆయనకు ముందు ఎవరు, వెనుక ఎవరు అని వెదకుచు చదివిన చదువే ఈనాటి ఉపన్యాసము.

మొదట ఆ దేశమును కొంచెము పరిచయము చేసెదను. దాని విస్తీర్ణము సుమారు 23 లక్షల 80 వేల చదరపు కిలోమీటర్లు. ఆంధ్ర తెలంగాణ రాష్ట్రములు రెండును కలిపినను దానిలో ఎనిమిదవవంతు కూడ కావు. 2011లో సూడాను రెండు దేశములుగా చీలినపిదప ఆఫ్రికాఖండమున అల్జీరియాయే అన్నిటికంటె పెద్దదయ్యెను. అయితే అందులో పెద్దభాగము సహారా యెడారి. 1830లో ఫ్రెంచివారు దండెత్తి దానిని ఆక్రమించి, 132 సంవత్సరములు పాలించిరి. 1954 నవంబరు 1వ తేదీన స్వాతంత్ర్యయుద్ధము మొదలయ్యెను. ఏడున్నర సంవత్సరముల కాలము లెక్కలేని ప్రాణములు పోయినపిదప, 1962 జూలైలో ఆ దేశము స్వతంత్రమయ్యెను.

ఇక్కడ ఒక విశేషము చెప్పవలెను. అల్జీరియాకు దేశము చేతికి రాకముందే విదేశాంగమంత్రి యుండెను. 1958 సెప్టెంబరు 19న ఆ స్వాతంత్ర్యయోధులు ఈజిప్టు రాజధానియగు కైరోలో ఒక తాత్కాలిక ప్రభుత్వమును స్థాపించుకొనిరి. ఆ ప్రభుత్వమునకు రాజధాని లేదు, ఖజానా లేదు, శిస్తు వసూలు చేయుటకు సెంటు భూమి తన స్వాధీనమున లేదు. లెక్కలు వ్రాయువాడనగుటచే నాకు ఇది మిక్కిలి వింతగా తోచినది. ఉన్నదెల్ల ఒక న్యాయమును, దానిని దేశదేశములకు పోయి వినిపించు నోరును. పాండవులకు అయిదూళ్లైనను లేని దినములలోనే గదా రాయబారము నడచినది! ఆ పదవియందు మొదట లామిన్ దబాగీన్, పిదప క్రీం బెల్కాసెం, చివర సాద్ దహ్లబ్ వరుసగా పనిచేసిరి. 1962 మార్చి 18న ఫ్రాన్సులోని ఎవియాన్ అను ఊరిలో సంధి కుదిరెను. అల్జీరియాపక్షమున సంతకము చేసినవాడు క్రీం బెల్కాసెం. ఆ సంధి సంభాషణలలో పాల్గొన్న యువకులలో మొహమ్మద్ బెన్యహియా, రెదా మాలిక్ అనువారు ఇద్దరుండిరి. ఈ రెండు పేర్లను జ్ఞాపకముంచుకొనుడు, మరల వచ్చును. సంతకము చేసిన బెల్కాసెం మాత్రము పిదప స్వదేశపు పాలకులతో విరోధించి దేశము విడిచి, 1970లో జర్మనీదేశపు ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఒక హోటలులో హతుడై కనబడెను.

స్వతంత్ర అల్జీరియాకు మొదటి విదేశాంగమంత్రి మొహమ్మద్ ఖెమిస్తీ. ఈయన మొరాకో సరిహద్దుకు చేరువనున్న మాగ్నియా అను పట్టణమున 1930లో జన్మించెను. విద్యార్థి ఉద్యమమున పెరిగినవాడు. ఆయన మంత్రియైన కొలదిదినములకే, 1962 అక్టోబరు 8న, అల్జీరియా ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వము పొందెను. ఆ సంతోషము ఏడాదియైనను నిలువలేదు. 1963 ఏప్రిల్ 11న రాజధానియగు అల్జియర్సులో, శాసనసభ యెదుట, ఒకడు ఆయనను తుపాకితో కాల్చెను. కొన్నివారములు మృత్యువుతో పెనగులాడి మే నెలలో ఆయన కన్నుమూసెను. అప్పటికి ముప్పదిమూడేండ్లు కూడ నిండలేదు.

కొంతకాలము ఆ శాఖను దేశాధినేతయగు బెన్ బెల్లాయే చూచుకొనెను. పిదప 1963 సెప్టెంబరులో అబ్దెలజీజ్ బూతెఫ్లికా ఆ పదవికి వచ్చెను. వయస్సు 26 ఏండ్లు. ఆయన పుట్టినది ఊజ్దా అను పట్టణము. అది మొరాకోదేశములోనిది. ఖెమిస్తీ పుట్టిన మాగ్నియాకును ఈ ఊజ్దాకును నడుమ దూరము కొలది మైళ్లే. ఉన్న అడ్డమెల్ల సరిహద్దు రేఖయే. మొదటి ఇద్దరు మంత్రులును ఒకే గట్టుకు ఈవల నొకరు ఆవల నొకరు పుట్టినవారని భావింపుడు. ఈ గట్టు సంగతి కడపట మరల చెప్పెదను.

బూతెఫ్లికా పదవికి వచ్చిన నెలలోపలనే ఆ గట్టుమీదనే తగవు వచ్చెను. 1963 అక్టోబరులో మొరాకో అల్జీరియాలకు యుద్ధము జరిగెను. ఇసుకభూములలో జరిగినది కావున దానిని ఇసుక యుద్ధమందురు. ఫ్రెంచివారు యెడారిలో సరిహద్దును సరిగా కొలచి రాళ్లు పాతి పోకపోవుటయే దానికి మూలము. కొలతలేని పొలముల గొడవ యెట్టిదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ యుద్ధమును ఆపుటకు పూనుకొన్నవారు ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీయును, మాలి దేశాధ్యక్షుడు మొదీబో కైటాయును. మాలి రాజధానియగు బమాకోలో అక్టోబరు చివర ఉభయపక్షములును కలిసి యుద్ధవిరమణకు ఒప్పుకొనెను. ఇథియోపియా, మాలి: ఈ రెండు దేశములకును అల్జీరియా ఆనాడు బాకీపడెను. లెక్కలవాని కన్ను ఇట్టివానిమీదనే పడును. ఆ బాకీ తీరినదా లేదా అన్నది ముందు చూతము.

బూతెఫ్లికా 1979 వరకు, అనగా పదునైదేండ్లకు పైగా, ఆ పదవియందుండెను. 1965లో బెన్ బెల్లాను తొలగించి సైన్యాధిపతి బూమెదియన్ అధికారము గైకొన్నను ఈ మంత్రి మారలేదు. 1973 సెప్టెంబరులో అల్జియర్సులో అలీనదేశముల మహాసభ జరిగెను. మన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ దానికి హాజరయిరి. 1974లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధిసభకు బూతెఫ్లికా అధ్యక్షుడయ్యెను. వర్ణవివక్ష పాటించు దక్షిణాఫ్రికా ప్రభుత్వపు ప్రతినిధులు ఆ సమావేశములలో పాల్గొనరాదని నవంబరు 12న తీర్పు చెప్పినవాడాయన. మరునాడు పాలస్తీనా నాయకుడు యాసర్ అరఫాత్ ఆ సభలో మాటాడెను. తన దేశము ఇల్లువాకిళ్లు లేక ఊరూర తిరిగిన దినములను అల్జీరియా మరువలేదనుటకు ఇది నిదర్శనము.

అయితే ఉన్నదున్నట్లు చెప్పుట నా వృత్తిధర్మము. పదవి పోయినపిదప, రాయబారకార్యాలయములలో మిగిలిన ధనమునకు సరియైన లెక్క లేదని 1983లో ఆ దేశపు లెక్కల న్యాయస్థానము ఈయనపై తీర్పు చెప్పెను. పిదప క్షమాభిక్ష లభించెను. మరల 1999లో దేశాధ్యక్షుడై, 2001లో మన గణతంత్రదినోత్సవమునకు ముఖ్యాతిథిగా ఢిల్లీ వచ్చెను. ఇరువదియేండ్లు అధికారమున కూర్చుండి, జబ్బుపడియు పదవి విడువక, అయిదవసారియు పోటీచేయబూనగా లక్షలకొలది ప్రజలు వీథులలోనికి వచ్చిరి. 2019 ఏప్రిల్‌లో రాజీనామా చేసెను, 2021లో మరణించెను. ఇరువదియారేండ్లకు పదవి నెక్కినవాడు ఎనుబది దాటినను దిగనేరకపోయెను. లోకమునకు బుద్ధిచెప్పుటకంటె తాను లేచిపోవలసిన వేళ తెలిసికొనుట కష్టమని దీనివలన తెలియుచున్నది.

ఈయన కాలముననే 1975 మార్చి 6న అల్జియర్సులో ఒక గొప్ప ఒప్పందము కుదిరెను. ఇరాను ఇరాకుల నడుమ షత్ అల్ అరబ్ అను నది ప్రవహించుచున్నది. నీరంతయు ఇంచుమించు ఇరాకుదేనని పాత పత్రములు చెప్పుచుండెను. నదిలో ఓడలు నడచు లోతైన మధ్యరేఖయే సరిహద్దు కావలెనని ఇరాను పట్టుపట్టెను. అల్జీరియా అధ్యక్షుడు బూమెదియన్ నడుమ నిలువగా, ఇరాను షాయును, ఇరాకు నాయకుడు సద్దాం హుస్సేనును ఆ మధ్యరేఖకే ఒప్పుకొనిరి. కాలువ నడుమ గీత గీసి ఇద్దరు రైతులను ఒప్పించుట యెట్టి పనియో మనకు తెలియును. ఇచ్చట జరిగినదియు అదే. రైతులకు బదులు రాజ్యములు.

ఇప్పుడు మొహమ్మద్ సెద్దీఖ్ బెన్యహియా కథకు వచ్చితిమి. ఎవియాన్‌లో కూర్చున్న యువకుడే 1979లో విదేశాంగమంత్రి యయ్యెను. ఆ యేడే నవంబరు 4న ఇరానులో విద్యార్థులు అమెరికా రాయబారకార్యాలయమును ముట్టడించి అందలివారిని బంధించిరి. వారిలో 52 మంది 444 దినములు చెరలోనుండిరి. ఇరాను అమెరికాతో ముఖాముఖి మాటాడనన్నది. అమెరికా తన బ్యాంకులలోని ఇరాను ధనమును స్తంభింపజేసెను. మా ధనము ముందు ఇమ్మని వీరు, మా మనుష్యులను ముందు విడువుమని వారు. ఎవరి మాటయందును ఎవరికిని నమ్మకము లేదు.

ఇట్టి తగవును మన గ్రామములో నెట్లు తీర్చుదుము? ఇద్దరికిని నమ్మకమైన పెద్దమనిషి చేతిలో సొమ్ముపెట్టి, కాగితము రిజిస్టరైనపిదప ఆ సొమ్ము అమ్మినవానికి అందజేయుదుము. నేనే పలుమార్లు అట్లు సొమ్ము పట్టుకొని సబ్‌రిజిస్ట్రారు కచేరి మెట్లమీద నిలిచియుంటిని. అల్జీరియావారు చేసినదియు సరిగా ఇదియే. వారి ప్రతినిధులు తెహరానుకును వాషింగ్టనుకును నడుమ మాటలు మోసిరి. తుదకు సుమారు 800 కోట్ల డాలర్లు లండనులోని ఇంగ్లండు బ్యాంకులో అల్జీరియా కేంద్రబ్యాంకు పేర జమయ్యెను. బందీలు ఇరాను దాటిరని అల్జీరియా ధ్రువపరచినగాని ఆ ధనము కదలరాదు. పాత అప్పులక్రిందను, తగవులలోనున్న లెక్కలకై ఆపినదియు పోగా, ఇరాను చేతికి నేరుగా వచ్చినది 300 కోట్లకు లోపే. మిగిలిన దావాలను విచారించుటకు హాలెండుదేశపు హేగ్ నగరమున ఒక న్యాయస్థానమును ఏర్పరచిరి. ఇంకొక చమత్కారము చూడుడు. ఇరాను అమెరికాలు ఒకే కాగితముపై సంతకము చేయవు గనుక, ఒప్పందమును అల్జీరియా ప్రభుత్వపు ప్రకటనగానే వ్రాసిరి. ఉభయులును దానికి కట్టుబడిరి. 1981 జనవరి 19న అది ముగిసెను. మరునాడు ఆ 52 మందియు అల్జీరియా విమానములో ఇరాను విడిచి, మొదట అల్జియర్సులో దిగిరి.

అమెరికాకు ఇరాకంటె, ఇరానుకు అమెరికాకంటె అల్జీరియా ధనముగలది కాదు, బలముగలది కాదు. అయినను 800 కోట్లు దాని పేర జమచేయుటకు ఇరువురును వెనుదీయలేదు. నమ్మకమునకు మించిన ఖజానా లేదని ఈ ఒక్క పద్దు చెప్పుచున్నది.

అప్పటికే, 1980 సెప్టెంబరులో, సద్దాం హుస్సేను 1975నాటి ఒప్పందము చెల్లదని ప్రకటించి ఇరానుపై దండెత్తియుండెను. తమ రాజధానిలో కుదిరిన సంధి తమ కన్నులయెదుటనే చినిగిపోయెను. దానిని మరల అతుకుటకు బెన్యహియా పూనుకొనెను. 1981లో బమాకోవద్ద జరిగిన విమానప్రమాదమున తీవ్రముగా గాయపడి, ఎట్లో బ్రతికి బయటపడెను. దేహము కోలుకొనగనే మరల ప్రయాణమునకు సిద్ధపడెను. 1982 మే 3న తెహరానుకు పోవుచుండగా, ఇరాను తుర్కీదేశముల సరిహద్దున ఆయన విమానము కూలెను. విమానములోనివారందరును, ఆయన శాఖలోని ప్రవీణులైన ఉద్యోగులతోకూడ, మరణించిరి. ఇరాకు యుద్ధవిమానము ప్రయోగించిన క్షిపణియే కారణమని అల్జీరియా జరిపిన విచారణలో తేలెను. ఆయనకు అప్పుడు 50 ఏండ్లు. ఆ యుద్ధము 1988 ఆగస్టుదాక నడచెను. మా తండ్రిగారు పత్రిక మడిచిన దినము అదే.

రావణుడు హనుమంతుని చంపబోగా విభీషణుడు అడ్డుపడెను. దుర్యోధనుడు కృష్ణుని కట్టబోగా కృష్ణుడు విశ్వరూపము చూపెను. బెన్యహియాకు అడ్డుపడు విభీషణుడు లేడు, చూపుటకు విశ్వరూపము లేదు. సామాన్యమానవుడు చేయు రాయబారము దేవుడు చేసిన రాయబారముకంటె కష్టమని నేను సాహసించి చెప్పుచున్నాను. పండితులు క్షమింతురు గాక.

ఆయన పిదప వచ్చినవారిని త్వరగా చెప్పుదును. అహ్మద్ తాలిబ్ ఇబ్రహీమీ 1982 నుండి 1988 వరకు. వైద్యవిద్య నభ్యసించి, స్వాతంత్ర్యయుద్ధమున ఫ్రెంచివారి చెరసాల ననుభవించినవాడు. తరువాత బూఆలెం బెస్సాయె, చమురు వ్యవహారములలో ఆరితేరిన సిద్ అహ్మద్ గొజాలీ. 1991లో లఖ్దర్ బ్రహీమీ వచ్చెను. మంత్రి కాకమునుపే ఈయన అరబ్బుదేశముల కూటమిపక్షమున లెబనాను అంతర్యుద్ధమును చల్లార్చు 1989నాటి తాయిఫ్ ఒప్పందమునకై పాటుపడినవాడు. మంత్రిపదవి విడిచినపిదప ఐక్యరాజ్యసమితి దూతగా, దక్షిణాఫ్రికా ప్రజలు 1994లో మొదటిసారి వర్ణభేదము లేక ఓటువేయునాడు అచ్చటనుండెను. 2001లో ఆఫ్గను నాయకులను జర్మనీలోని బాన్ నగరమున సమావేశపరచెను. 2012లో సిరియాకు పంపగా రెండేండ్లు శ్రమించి, ఫలితము కానక, ఆ దేశప్రజలను క్షమింపుడని బహిరంగముగా వేడి, 2014లో విరమించెను. నా వలన కాలేదని ఒప్పుకొని, బాధపడినవారిని క్షమాపణ కోరిన రాయబారులు చరిత్రలో ఎందరుందురు?

ఆ దినములలో స్వదేశమే తగులబడుచుండెను. 1992లో ఎన్నికలను నడుమ ఆపివేయుటతో అంతఃకలహము చెలరేగి దాదాపు పదేండ్లు సాగెను. లక్షకు మించిన ప్రజలు మడిసిరని అంచనా. ఎవియాన్‌నాటి రెండవ యువకుడు రెదా మాలిక్ 1993లో కొన్నినెలలు విదేశాంగమంత్రియై, పిదప ప్రధానమంత్రి యయ్యెను. తరువాత మొహమ్మద్ సలా దెంబ్రీ, అహ్మద్ అత్తాఫ్ ఆ శాఖను వహించిరి. పరుల ఇంటి మంటలార్పిన చేతులకు తమ ఇంటి మంట ఆర్పుట పదేండ్ల పని యయ్యెను.

ఇక ఆ పాత బాకీ సంగతి. 1998లో ఇథియోపియా ఎరిత్రియాలకు బద్మె అను చిన్న ఊరినిమిత్తము యుద్ధము పుట్టి వేలకొలది సైనికులను మ్రింగెను. 2000 జూనులో అల్జియర్సులోనే కాల్పులవిరమణ కుదిరెను. అప్పటి మంత్రి యూసెఫ్ యూస్ఫీ. డిసెంబరు 12న పూర్తి సంధి. అప్పటి మంత్రి అబ్దెలజీజ్ బెల్ఖాదెం. సరిహద్దును నిర్ణయించు మండలి 2002లో బద్మెను ఎరిత్రియాకు చెందినదని తేల్చెను. దానిని పూర్తిగా అంగీకరించితిమని ఇథియోపియా చెప్పుటకు 2018దాక పట్టెను. పిదప అంతర్జాతీయ న్యాయస్థానమునకు అధ్యక్షుడుగా నుండిన మొహమ్మద్ బెద్జావూయి 2005 నుండి రెండేండ్లును, ఆపై మురాద్ మెదెల్సీయును పనిచేసిరి. 2013లో వచ్చిన రమ్తాన్ లమామ్రా కాలమున మాలి ప్రభుత్వమునకును ఆ దేశపు ఉత్తరభాగమున తిరుగబడినవారికిని సంధి చేయించిరి. 2015లో బమాకోలో సంతకములయ్యెను. 1963లో ఇథియోపియాయు మాలియు చేసిన మేలుకు అల్జీరియా వడ్డీతోకూడ చెల్లించెనని నా లెక్క.

కాని 2024 జనవరిలో మాలి సైనికప్రభుత్వము ఆ ఒప్పందము ముగిసినదని ప్రకటించెను. 1975నాటిది అయిదేండ్లు నిలిచెను. 2015నాటిది తొమ్మిదేండ్లు నిండకయే పోయెను. అట్లయినచో ఇంత శ్రమయు వ్యర్థమేనా అని మీరడుగవచ్చును. సంధి అనునది రాతిగోడ కాదు, పొలముగట్టు. వానకు కరగును, ఎలుక తొలుచును, ఎడ్లు త్రొక్కును. ఏటేట మట్టివేసి మెత్తినవాని గట్టే నిలుచును. నిరుడు వేసిన గట్టు కరగినదని ఈయేట పార విసరివైచు రైతును మనము చూడలేదు. ఈ మంత్రుల వరుసయంతయు ఏటేట పారపట్టినవారి వరుస.

కడపట ఆ మాగ్నియా ఊజ్దాల నడిమి గట్టు. పశ్చిమసహారా భూమినిగూర్చి తగవు వచ్చి 1976లో మొరాకో అల్జీరియాతో సంబంధము తెంచుకొనెను. 1988లో కలిసిరి, ఆ మరుసటియేట లెబనానులో శాంతికై రెండుదేశములును ఒక్క సంఘములోనే కూర్చుండిరి. 1994లో భూమార్గపు సరిహద్దు మూసిరి. 2017 నుండి అబ్దెల్‌ఖాదర్ మెసాహెల్, పిదప సబ్రీ బూఖాదూం మంత్రులైనను అది తెరువబడలేదు. మరల వచ్చిన లమామ్రాయే 2021 ఆగస్టు 24న మొరాకోతో సంబంధము తెంచుచున్నామని ప్రకటించెను. 2023లో అహ్మద్ అత్తాఫ్ మరల మంత్రియైనను ఆ తలుపు మూసినది మూసినట్లే యున్నది. ఒక్క భాష, ఒక్క మతము, పెండ్లిసంబంధములు గల కుటుంబములు గట్టుకు ఆ వైపున ఈ వైపున నిలిచి ఒకరినొకరు చూచుకొనుచున్నారు. దూరపు ఇరాను అమెరికాలకు సంధి చేయగలిగిన చేయి ప్రక్కయింటి తలుపు తట్టలేకపోయెను. అయినవారి తగవునకు మధ్యవర్తి దొరకుట ఏల కష్టము? అన్యుని యెదుట మనము న్యాయము చూతుము. దాయాది యెదుట మానము చూతుము.

ఈ మాట నేను గ్రంథములు చదివి వ్రాసినది కాదు. ఈ గ్రామములో ముప్పదియేండ్లుగా పరుల గట్లు కొలచి, పరుల పాలు పంచి, ఎందరినో ఒప్పించిన నేను, చెరువుక్రిందనున్న మా తండ్రిగారి పొలములో నాలుగుసెంట్ల తేడానిమిత్తము మా తమ్మునితో తొమ్మిదేండ్లుగా మాటలాడుట లేదు. ఇది మీలో తెలియనివారు లేరు. ఆ గట్టు నేను కొలచినదే. మరియొకరు కొలవవలెనని తమ్ముడు కోరగా, ఊరందరికి కొలత చెప్పు నా కొలతనే శంకింతువా అని నాకు కోపము వచ్చెను. అందరి లెక్కలను తనిఖీచేయువాడు తన లెక్కను తనిఖీకి పెట్టనన్నచో అది న్యాయము కాదు, అహంకారము. బెన్యహియా కథ చదివిన రాత్రులలో ఈ సంగతి నాకు బాగుగా తెలిసినది. తెలిసియు వెళ్లలేదు. ఆయన దహించుచున్న రెండు రాజ్యముల నడుమకు పోయెను. నేను పోవలసిన దూరము రెండు వీథులు.

ఈ ఉపన్యాసము వ్రాయుచుండగా నాకు సిగ్గువేసినది. కావున రేపు ప్రొద్దుననే మండలమునుండి వేరొక సర్వేయరును రప్పించుటకు దరఖాస్తు పెట్టుచున్నాను. ఆ గొలుసు ఎవరివైపు చూపినను నాకు సమ్మతమని, మా తమ్ముడు కూడ కూర్చున్న ఈ సభలో చెప్పుచున్నాను. దరఖాస్తుమీద అతని సంతకము కూడ కావలెను గనుక, దానికై నేనే అతని ఇంటికి వెళ్లెదను.

అధ్యక్షా, ఒక గ్రంథాలయము ఊరికి ఏమిచేయునని అడుగువారు కలరు. దూరదేశపు కథను బీరువాలో భద్రపరచి, దానిని చదివినవానికి తన గడప చూపును. మన ఊరి గ్రంథాలయము ఇట్టి ఇరువదియైదేండ్లు మరెన్నో చూడవలెనని భగవంతుని ప్రార్థించుచున్నాను.